యజమాని నంబరు

ఉతికి ఆరిన దుప్పటి కొసను గడ్డం కింద నొక్కిపట్టి మడత పెడుతున్నాను. హాల్లోంచి మా ఆయన గొంతు వచ్చింది.

"ఎలాగూ ఖాళీగానే ఉంటావుగా, చవకలో మంచి రౌటర్ ఒకటి చూడు. పాతది కొన ఊపిరితో ఉంది."

పెళ్లయినప్పటి నుంచీ నా ఒంటికి అంటుకుపోయిన మాట అది, ఖాళీ. వెనక గదిలో ఇస్త్రీ బల్ల మీద కంపెనీ పంపిన లాప్‌టాప్ పెట్టుకొని, డాక్టర్లు రోగుల గురించి గబగబా చెప్పి పంపిన మాటలు విని టైపు చేస్తాను. చెవుల్లో ఎవరి గుండె గురించో నడుస్తుంటే వేళ్లు పరిగెడుతుంటాయి, ముక్కు మాత్రం పొయ్యి మీది పాలకు కాపలా కాస్తుంటుంది. మడత పెట్టాల్సిన బట్టల బుట్ట కాళ్ల దగ్గర ఉంటుంది. "ఏదో కాలక్షేపానికి చేసుకుంటోంది" అని ఆయన వచ్చినవాళ్లకు చెబుతాడు. వాళ్లు నావైపు చూసి నవ్వుతారు. నేనూ నవ్వుతాను, చేతిలో ట్రే ఉంటుంది కాబట్టి.

ఈసారి రౌటర్ నాకే ఎక్కువ అవసరం. నా ఫోన్‌కు ఆయన మాటల వరకే రీచార్జి చేయిస్తాడు, నెట్ కావాలంటే ఇంటి వైఫైయే దిక్కు. చేసినదానికింత అని ఇచ్చే పని మాన్పించి, నెల జీతం మీద తీసుకుంటామని కంపెనీ రాసింది. దానికొక పరీక్ష. కెమెరా ముందు కూర్చొని గంటసేపు టైపు చేయాలి, మధ్యలో లైను తెగకూడదు. తెగితే ఆ రోజే సాయంత్రంలోగా ఇంకొక్క అవకాశం ఇస్తారు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో ముందుగా చెప్పిన కోరికలు బతికి బట్టకట్టవు.

అందుకే ఆ రౌటర్‌ను పెళ్లికొడుకును వెతికినంత శ్రద్ధగా వెతికాను. నిజానికి నా పెళ్లికి అంత వెతకలేదు. వాటిలో రెండు రకాల తరంగాలుంటాయని చదివాను. ఒకటి నిదానస్తురాలు, కానీ గోడలు దాటి లోపలి గది దాకా నడిచి వస్తుంది. రెండోదానికి వేగం ఎక్కువ, గోడ అడ్డొస్తే చతికిలబడుతుంది. మాది పాత ఇల్లు, గోడలు మందం. హాలుకూ వెనక గదికీ మధ్య వంటగది. నాకు కావలసింది నడిచి వచ్చేది. ఖరీదైనవి పక్కన పెట్టి, నాలుగు యాంటెన్నాలతో సరసమైన ధరలో ఒకటి ఎంచి చూపించాను.

"నాలుగు కొమ్ములెందుకే, పాలేమైనా ఇస్తుందా?" అన్నాడాయన. తన జోకుకు తనే నవ్వుకొని, సరే కొనెయ్ అన్నాడు.

పెట్టె వచ్చిన రోజు ఆయన ఆఫీసులో ఉన్నాడు. బిగించడం తేలికే. తీగలు తగిలించాక ఫోన్‌లో ఒక యాప్ తెరిచి, అడిగినవాటికి జవాబులిస్తే చాలు. మొదటి ప్రశ్న, యజమాని ఫోన్ నంబరు. నా వేళ్లు ఆయన నంబరు కొట్టేశాయి. ఆలోచించి కొట్టలేదు. గ్యాసు బండకు ఆయన నంబరే, కరెంటుకు ఆయన నంబరే, చివరకు నేను తెప్పించుకునే సబ్బులకూ ఆయన నంబరే. సరుకు తెచ్చినవాడు గుమ్మంలో నిలబడి ఓటీపీ అడుగుతాడు. నేను ఆయనకు ఫోన్ చేసి అడుగుతాను. మీటింగులో ఉంటే ఆయన ఎత్తడు. సరుకు తెచ్చినవాడు నన్ను చూస్తూ నిలబడతాడు, ఇది ఈమె ఇల్లు కాదేమో అన్నట్టు.

ఆ రోజు మొదటి రింగుకే ఎత్తాడు. అంకెలు ఒక్కొక్కటే చదివి చెప్పాడు. "నేను లేకపోతే నీకు ఆ ఇంట్లో దీపం కూడా వెలగదు" అన్నాడు సరదాగా.

నాలుగు కొమ్ముల మధ్య చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. వెనక గదిలోకి లైను బ్రహ్మాండంగా వచ్చింది. ఆ మధ్యాహ్నం పని చేస్తుంటే ఒక్క మాట కూడా తెగలేదు. ఎన్నాళ్లకో గట్టు ఎక్కినట్టు అనిపించింది.

తర్వాత కొద్ది రోజులకే భోజనాల దగ్గర ఆయన, పెరుగు కలుపుకుంటూ, "మధ్యాహ్నం పడుకోలేదేం?" అన్నాడు.

నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ మజ్జిగ తాగుతోంది.

ఇంకో రోజు, "మీ అమ్మతో అంతంతసేపు ఏం మాటలే? మా ఇంటి గుట్టంతా అక్కడికి పార్సిలా?" అన్నాడు. మరో రోజు చెయ్యి కడుక్కుంటూ, "ఆ కంపెనీ పేజీ అన్నిసార్లు తెరుస్తున్నావు, ఏమిటి కథ, సంబంధం చూస్తున్నావా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే భయపెట్టింది. కోపం ఉంటే ఎక్కడుందో తెలుస్తుంది.

అత్తయ్యే చెబుతోందనుకున్నాను. రెండు రోజులు ఆవిడతో ముక్తసరిగా ఉన్నాను. హాలు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకొని కూర్చోవడం ఆవిడ అలవాటు. గాలి కోసం అంటుంది కానీ, ఆవిడను దాటకుండా ఎవరూ బయటకు పోలేరు. మూడో రోజు నేను పక్కనుంచి ఒదిగి వెళ్తుంటే ఆగమంది.

"నా మీద మొహం మాడ్చుకోకమ్మాయ్. నేనేం చాడీలు మోయలేదు. వాడు వాళ్ల నాన్న కొడుకు." చీపురు పుల్లలు ఏరుతున్నంత మామూలుగా చెప్పింది. "మీ మామగారు రోజూ పొద్దున్నే రేడియోలో బ్యాటరీలు తీసి జేబులో వేసుకొని ఆఫీసుకెళ్లేవారు. పాటలు వింటూ నేను కూర మాడుస్తానని. సాయంత్రం వచ్చి మళ్లీ వేసేవారు."

"మీరేం అనలేదా అత్తయ్యా?"

"అనడానికేముంది? పాటలే మర్చిపోయాను." అని నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆ వారంలోనే ఆయన ఆఫీసు స్నేహితుడొకడు వచ్చాడు. ఆయన తన ఫోన్ తీసి అందులో రౌటర్ యాప్ వాడికి చూపిస్తున్నాడు. నేను కాఫీ కప్పులతో వెనక నిలబడ్డాను.

"ఇల్లంతా ఇక్కడే ఉంది చూడు. ఇది టీవీ. ఇది అమ్మ ఫోన్. ఇది వంటగది. ఇది కాలక్షేపం."

వంటగది అంటే నా ఫోన్. కాలక్షేపం అంటే నా లాప్‌టాప్. ఏది ఎప్పుడు తెరిచానో, ఎంతసేపు చూశానో అన్నీ పేర్లతో సహా ఉన్నాయి.

"ఇక్కడ నొక్కామనుకో, అంతే." ఆయన బొటనవేలు ఆనించాడు. వాట్సాప్ కాల్ స్పీకర్లో ఉంచి వంటగట్టు మీద పెట్టి వచ్చిన నా ఫోన్‌లో, నా కోసం ఎదురుచూస్తూ పక్కింటావిడతో మాట్లాడుతున్న అమ్మ గొంతు టక్కున ఆగిపోయింది. ఇద్దరూ నవ్వారు. "ఈ సదుపాయం మా ఇంట్లో కూడా కావాలిరా" అన్నాడు ఆ స్నేహితుడు.

వాడు వెళ్లాక అడిగాను. "నా వస్తువులు అందులోంచి తీసేయండి."

"నేనేం పెట్టలేదే. నువ్వే ఎంచావు, నువ్వే బిగించావు, నా నంబరు నువ్వే కొట్టావు." నా బుగ్గ మీద మెల్లగా తట్టాడు. "ప్రతిదానికీ ఉడుక్కుంటావేం?"

పరీక్ష దాకా నోరు కట్టుకున్నాను. ఆ రోజు పొద్దున తల దువ్వుకొని, ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకున్నాను. ఆయన బూట్లు వేసుకుంటూ తలెత్తి చూశాడు. "ఏమిటీ ముస్తాబు? వెనక గదికేనా?" అని వెళ్లిపోయాడు.

పరీక్ష మొదలైంది. తెర మీద ఒకామె మొహం, చెవుల్లో ఒక డాక్టరు గొంతు. 'రోగికి కొన్నాళ్లుగా ఊపిరి ఆడటం లేదు' అన్నాడు డాక్టరు. టైపు చేశాను. తర్వాతి మాట రాలేదు. ఆమె మొహం కదలకుండా ఉండిపోయింది. తెర తెల్లబడి, దాని మీద ఒక వాక్యం వచ్చింది.

'కాలక్షేపం: యజమాని విరామం ఇచ్చారు.'

హాల్లో టీవీ నడుస్తూనే ఉంది. అత్తయ్య ఫోన్‌లో ఎవరో ముగ్గులేవో వేస్తూనే ఉన్నారు. ఆయనకు ఫోన్ చేశాను.

"నెట్ ఆగిపోయింది."

"అవునా?" ఆయన నెమ్మదిగా అన్నాడు. "చవకవి అంతే మరి. అన్నం తిని పడుకో. ఈమధ్య బాగా అలిసిపోతున్నావు."

ఆయన నోట్లో ఏదో నములుతున్న చప్పుడు వినిపించింది.

రౌటర్ వెనక పిన్నీసు దూరేంత కన్నం ఒకటుంటుంది. అందులో గుచ్చి కాసేపు నొక్కిపట్టుకుంటే అన్నీ మర్చిపోయి పెట్టెలోంచి తీసినట్టు కొత్తదైపోతుంది. ఎంచేటప్పుడే చదివాను. పిన్నీసు తీసి గుచ్చాను. ఆకుపచ్చ దీపం ఆరింది. టీవీ ఆగింది. అత్తయ్య ఫోన్ ఆగింది. దీపం మళ్లీ వెలిగాక నా ఫోన్‌లో మొదటి ప్రశ్న వచ్చింది. యజమాని ఫోన్ నంబరు.

ఈసారి నా నంబరు కొట్టడం మొదలుపెట్టాను. సగం అంకెల దగ్గర వేలు ఆగింది. ఈ సిమ్ము పెళ్లయిన కొత్తలో ఆయనే తెచ్చి ఇచ్చాడు. అది కూడా ఆయన పేరు మీదే ఉంది.

కొట్టిన అంకెలు చెరిపేశాను. ఆ గడి అలాగే ఖాళీగా వదిలేశాను.

లాప్‌టాప్ సంచిలో పెట్టాను. బీరువా అడుగునుంచి నా సర్టిఫికెట్లు తీశాను. మడత పెట్టిన బట్టల బుట్టలోంచి నావి మాత్రమే ఏరుకున్నాను. సాయంత్రంలోగా ఇంకొక్క అవకాశం ఉంది. వీధి చివర ఫొటోకాపీ కొట్టులో నెట్ ఉంది. దాని తర్వాత ఎక్కడికో ఇంకా తెలియదు.

హాల్లోకి వచ్చేసరికి రౌటర్ పక్కన వదిలేసిన నా ఫోన్ మోగుతోంది. ఆయనే. ఆగింది, మళ్లీ మోగింది. తన ఫోన్‌లో ఇల్లంతా ఒక్కసారిగా మాయమై ఉంటుంది.

అత్తయ్య ఆ ఫోన్ వైపు చూసింది. నా భుజానున్న సంచి వైపు చూసింది. టీవీ ఎందుకు ఆగిందని అడగలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని లేచి, గుమ్మానికి అడ్డంగా ఉన్న కుర్చీని రెండు చేతులతో ఎత్తి పక్కకు జరిపింది.

నేను చెప్పులు వేసుకొని గుమ్మం దాటాను.