అక్క గాలి, చెల్లెలి కారు

పొద్దున్నే షెడ్డు షట్టరు ఎత్తగానే అక్క బెంచీ మీది కాగితాల మీద రెంచీలు పెడుతుంది. పెట్టకపోతే ఆమె వెనకే లోపలికొచ్చే గాలి వాటిని మూలమూలకీ తోలేస్తుంది. ఆ గాలి పుట్టినప్పటి నుంచీ ఆమెదే. కుక్కపిల్లంత ఉంటుంది, మోకాలి ఎత్తున తిరుగుతుంది. పొయ్యి ఆరిపోతుందని చిన్నప్పుడు ఆమెను వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. చదువయ్యాక ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది గానీ, కాగితాల మీద బతికే చోట గాలితో ఎవరు వేగుతారు? మేనమామ షెడ్డులో అయితే దుమ్మయినా పోతుందని ఇక్కడికి పంపారు. వచ్చాక తెలిసింది, ఆమెకు ఇంజన్లంటే ప్రాణమని. కొందరు చేరవలసిన చోటికి తప్పు కారణంతో చేరతారు. ఆ మాటకొస్తే సగం పెళ్ళిళ్ళూ అంతే, అవి బాగానే నడుస్తున్నాయి.

చెల్లెలు కొండదారి పందేల్లో కారు నడుపుతుంది. పక్క సీట్లో అక్క కూర్చుని, రాబోయే మలుపు ఎడమో కుడో, ఎంత వంపో ముందే చదివి చెబుతుంది. చెల్లెలు కళ్ళతో చూసే దారి కొంతే, మిగతాదంతా అక్క గొంతుతో చూస్తుంది. పోయిన పందెంలో ఎత్తు మీద కారు ఆయాసపడి, గెలుపు రెప్పపాటులో జారిపోయింది. అందుకే ఈసారి ఇంజన్‌కి గాలి అందించే పాత పెట్టె తీసేసి, దాని బదులు బయట కొన్న కొత్త ఇన్‌టేక్ బిగిస్తున్నారు. ఇవాళ మధ్యాహ్నమే, టీములో ఎవరుండాలో తేల్చే పరుగు.

పాతది మూతలున్న నల్లటి పెట్టె. కొత్తది లావుపాటి గొట్టం, దాని చివర బోనెట్ కింద బాహాటంగా కూర్చునే ఫిల్టరు. అక్క పాత పెట్టెలోంచి సెన్సర్ విప్పి, బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండేలా కొత్త గొట్టంలో పెట్టింది. లోపలికి ఎంత గాలి వెళ్తోందో చెప్పేది ఆ సెన్సరే. అది చెప్పినంతకే ఇంజన్ పెట్రోలు పోసుకుంటుంది. పాపం, ఇంజన్‌కి ఎదురు ప్రశ్న వేయడం రాదు.

"తిప్పవే తాళం," అన్నాడు మేనమామ.

చెల్లెలు స్టార్ట్ చేసింది. ఇంజన్ వేగం చూపే ముల్లు పైకి లేచింది, పడింది, మళ్ళీ లేచింది. ఇంజన్ దగ్గి ఆగిపోయింది. ఇంజన్‌లో తేడా ఉందని చెప్పే పసుప్పచ్చ లైటు మాత్రం డాష్‌బోర్డు మీద వెలుగుతూనే ఉంది.

"ఎక్కిళ్ళు వచ్చినట్టున్నాయి, కాసిని మంచినీళ్ళు పట్టండి," అంది చెల్లెలు.

అక్క నవ్వలేదు. బిగింపులన్నీ మళ్ళీ చూసింది. గొట్టం కింద వేలు పోనిస్తే ఒక చిన్న బెజ్జం తగిలింది. సన్నటి పైపు ఒకటి అక్కడ తగిలించి ఉండాలి.

"మావయ్యా, ఇక్కడి పైపేది?"

మేనమామ టీ గ్లాసు ఎత్తి చూశాడు. పైపు దాని కిందే ఉంది. "పోతుందని భద్రంగా పెట్టా."

"నువ్వు భద్రం చేసినవి దొంగలకి కూడా దొరకవు."

పైపు తగిలించింది. సెన్సర్ తీసి, సెన్సర్లు కడిగే స్ప్రేతో కడిగి, ఆరనిచ్చి పెట్టింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే ఇంజన్ ఆగలేదు గానీ, ముల్లు ఊయల ఊగుతూనే ఉంది. పాత పెట్టె పెట్టేద్దామా అన్నాడు మేనమామ. "దాంతో ఓడిపోయాంగా," అని అక్క మళ్ళీ మొదటి బిగింపు దగ్గర మొదలెట్టింది.

అప్పుడే టీమ్ మేనేజరు వచ్చాడు. వెంట సన్నటి మనిషి, వేరే టీములో మలుపులు చదివేవాడు. పెద్దమనిషి వట్టి చేతుల్తో రాడన్నమాట. ఆయన చూస్తుండగానే అక్క గ్రీజు చేతులు కడుక్కోవడానికి వెనకనున్న కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఇంజన్ ఒక్కసారిగా నెమ్మదించి, పాలు తాగిన పిల్లలా హాయిగా గుర్రుమంది. ఆమె తిరిగి వచ్చింది. ముల్లు ఎగిరింది.

అందరూ ఆమె మోకాళ్ళ వైపు, అక్కణ్ణుంచి బోనెట్ కిందికి చూశారు. గాలి ఫిల్టరులోకి దూరుతోంది, బయటికొస్తోంది, మళ్ళీ దూరుతోంది. మూతలున్న పెట్టెలోకి ఇన్నాళ్ళూ దానికి దారి లేదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది వీళ్ళ పని.

"రోగం తెలిసిందిగా," అన్నాడు మేనేజరు. "చూడమ్మా, నువ్వు దిగితే బండి బాగుంటుంది. మధ్యాహ్నం ఇతను కూర్చుంటాడు."

"మధ్యాహ్నానికి ఇంకా టైముంది సార్," అంది అక్క. "ఆ సీటు నాది."

ఆయన భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. చెల్లెలు స్టీరింగ్ పట్టుకుని, "నువ్వు లేకుండా నేను ఆ కొండెక్కను," అంది.

"ఎక్కకపోతే ఇద్దరం ఇంట్లో కూర్చుంటాం. నోర్మూసుకుని ఇంజన్ ఆన్‌లో ఉంచు."

అక్క పక్క సీట్లో కూర్చుంది. గాలిని బతిమాలింది, కసిరింది. అది పుట్టి బుద్ధెరిగి ఎవరి మాటా విన్నది కాదు. చివరికి దాన్ని వదిలేసి, మధ్యాహ్నం పరుగు కోసం కళ్ళు మూసుకుని కొండదారి మలుపులు పైకి చదవడం మొదలుపెట్టింది. "కుడి, వెడల్పు. ఎడమ, ఇరుకు. తిన్నగా, మిట్ట."

లాప్‌టాప్‌లో ఇంజన్ గీతలు చూస్తున్న మేనమామ ముందుకు వంగాడు. ఎగుడుదిగుడు గీత సాపుగా సాగుతోంది. గాలి ఫిల్టరులోకి వెళ్ళి, కథ వినే పిల్లలా కదలకుండా కూర్చుంది.

"ఆపకు పెద్దదానా, చదువుతూనే ఉండు."

"ఎందుకు?"

"ఆపావు చూడు, మళ్ళీ లేచింది. చదువు."

ఆమె చదువుతుంటే, ఆ గాలిని కూడా లెక్కలో కలిపి పెట్రోలు పోసేలా ఆయన ఇంజన్‌కి కొత్త లెక్కలు ఎక్కించాడు. దారి మొదలు నుంచి చివరి దాకా చదివింది, మళ్ళీ మొదలు నుంచి. గొంతు బొంగురుపోయింది, ఆమె ఆపలేదు. చెల్లెలు యాక్సిలరేటర్ నొక్కింది. ఇంజన్ మునుపెన్నడూ లేనంత లోతుగా ఊపిరి పీల్చింది. పసుప్పచ్చ లైటు ఆరిపోయింది, మళ్ళీ వెలగలేదు.

మధ్యాహ్నం కొండ కింద, పరుగు మొదలయ్యే గీత దగ్గర, కారు బాగైందని చెప్పినా మేనేజరు వినిపించుకోలేదు. పొద్దున కళ్ళారా చూశానన్నాడు. సన్నటి మనిషికి హెల్మెట్ ఇచ్చాడు. అక్క పళ్ళు బిగించి, జనాన్ని ఆపడానికి కట్టిన తాళ్ళ అవతలికి వెళ్ళి నిలబడింది, గాలీ ఆమె వెంటే వెళ్ళింది.

"కూర్చోనివ్వండి సార్, పోయేదేముంది," అంది చెల్లెలు, ముఖం గుంభనంగా పెట్టి.

సన్నటి మనిషి మొదటి మలుపు చక్కగానే చదివాడు. కారు కుంటుతూ నాలుగు గజాలు వెళ్ళి, దగ్గి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశారు. మళ్ళీ అంతే.

"నేనేం చేయలేదు," అన్నాడు సన్నటి మనిషి.

"మీ తప్పేం లేదు బాబూ," అన్నాడు మేనమామ. "ఈ ఇంజన్ ఇప్పుడు రెండు గాలుల లెక్కన తింటోంది. మీరు ఒక్కటే తెచ్చారు."

మేనేజరు కారు వైపు చూశాడు, తాళ్ళ అవతలికి చూశాడు. వెళ్ళి బెల్టు తనే విప్పి సన్నటి మనిషిని దింపాడు. హెల్మెట్ పట్టుకుని అక్క దాకా తనే నడిచాడు.

"ఈ కారుకి ఇంక ఇంకొకరు కుదరరన్నమాట," అన్నాడు.

"కుదరరు సార్."

ఆమె ఎక్కి తలుపు వేసుకుంది. బోనెట్ సందులోంచి గాలి లోపలికి దూరుతూ అంచున కాస్త దుమ్ము లేపింది. చెల్లెలు గేరు వేసింది. కొండ మీద మొదటి వంపు ఎండలో తెల్లగా మెరుస్తోంది.

"కుడి, వెడల్పు," అంది అక్క, బొంగురు గొంతుతో. కారు ముందుకు దూకింది.