మొదటి రొట్టె

పిండిముద్దలోంచి నిమ్మకాయంత తుంచి, వేళ్లతో నాలుగు వైపులా సాగదీసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది ముసురక్క. అది ఉల్లిపొరంత పలచనై, వెనకున్న వేళ్లు కనిపించాయి గానీ చిరగలేదు. జిగురు కుదిరింది.

గోధుమలోని ఆ జిగురే తనకు పడదని డాక్టరు చెప్పి మూడు నెలలైంది.

ఇరవై రెండేళ్లుగా ఈ బేకరీలో పిండి కలిపేది ఆమే. భుజాలు రాళ్లలా గట్టిపడ్డాయి. కనుబొమల మీద పిండి ఎంత కడిగినా వదలదు. ఎప్పుడూ మబ్బు పట్టిన ముఖంతో ఉంటుందనీ, రెండోసారి పిలిస్తే గానీ పలకదనీ పొయ్యి చూసే అతను పెట్టిన పేరే ‘ముసురక్క’. ఉప్పు వేసిందో లేదో గుర్తుండేది కాదు. ఏ కారణమూ లేకుండా పిండి తొట్టి దగ్గర నిలబడి ఏడ్చేది. “దాని తత్వమే అంత” అన్నారు ఇంట్లోవాళ్లు. ఆమె కూడా నిజమేననుకుంది.

“నీ పేగు పాడైందని పరీక్షలో తేలింది. దిగులుకు కూడా ఇదే కారణమా అంటే, కొందరిలో సంబంధం ఉండొచ్చంటున్నారు. నీ సంగతి ఖాయంగా చెప్పలేనమ్మా. గోధుమ మాత్రం మానెయ్” అన్నాడు డాక్టరు.

మానేసింది. ఎనిమిదో వారంలో ఒకరోజు గిన్నె కడుగుతూ, తను కూనిరాగం తీస్తున్నట్టు గమనించి, ఎవరైనా విన్నారేమోనని గతుక్కుమంది.

చిక్కల్లా మొదటి రొట్టెతోనే. పొయ్యిలోంచి వచ్చిన మొదటి రొట్టెను పిండి కలిపిన మనిషి తుంచి తినాలి. ఆ తర్వాతే మిగతావి దుకాణంలోకి వెళ్తాయి. డాక్టరు మాటలన్నీ చెప్పినా పద్ధతి పద్ధతేనన్నాడు యజమాని. అందుకే మూడు నెలలుగా ఆమె వంతు పొయ్యి చూసే అతనే గుట్టుగా తినేస్తున్నాడు. ఇవాళ అతను చెయ్యి చాపేసరికి యజమాని గుమ్మంలో ఉన్నాడు.

“ఏంటిది? ఆమె ముక్క నువ్వు మింగుతున్నావేం?”

“ఆకలేసింది సార్.”

“పొట్ట చూస్తే ఇవాళొక్కరోజు ఆకల్లా లేదే!” అని ఆమె వైపు తిరిగాడు. “కలిపిన చెయ్యే తినకపోతే జనం ఎందుకు తింటారు? మా నాన్నప్పటి పద్ధతి ఇది. ఒక్క ముక్కకి ఏమైపోతావమ్మా?”

“ఇరవై రెండేళ్లు ఏమయ్యానో చూశారుగా సార్.”

“దిగులుకీ రొట్టెకీ ముడిపెడతావా? వింటే నవ్విపోతారు.”

“నవ్వనీండి. నేనూ ఈ మధ్యే మొదలుపెట్టాను.”

“డాక్టరే ఖాయంగా చెప్పలేదన్నావ్!”

“ఆయన చెప్పలేదు. నా సంగతి నేను చెప్తున్నా.”

యజమాని ముఖం ఎర్రబడింది. “తింటే పనిలో ఉండు. లేదంటే ఏప్రన్ విప్పేసి వెళ్లు.”

ఆమె రొట్టె వైపు చూసింది. వాసన కమ్మగానే ఉంది. ఈ పని తప్ప ఆమె చేతులకు మరో పని రాదు. ఏప్రన్ ముడి విప్పి మేకుకు తగిలించింది. మిగిలిన పిండి మీద తడిగుడ్డ కప్పి, అంచులు సరిచేసింది.

“గంట పడుతుంది పొంగడానికి. తొందరపడకు తమ్ముడూ” అంది పొయ్యి చూసే అతనితో.

“ముసురక్కా, ఒక్క ముక్కేగా...”

“ఇంకో పేరు వెతుక్కో. ఆ పేరు నాకిప్పుడు వదులైపోయింది.”

వీధి తలుపు తీసి, ఎండలోకి నడిచింది.

బల్ల మీద మొదటి రొట్టె ఎవరూ తుంచక అలాగే చల్లారుతోంది. దాని వెనక, వరసగా పేర్చిన పళ్లేల్లో, మిగతా రొట్టెలన్నీ ఆగి ఉన్నాయి.