కొట్టు కంటే ముందొచ్చిన కస్టమర్లు

మా ఆయన రాసిన ఆట బ్రౌజర్‌లో ఆడేది. బేకరీ పెట్టాలి, పిండి కొనాలి, రొట్టెలు కాల్చి అమ్మాలి, మునిగిపోకుండా నెట్టుకురావాలి. ఆట బాగానే ఉంది. కోడ్ సంగతే అడక్కండి. పొయ్యి, పిండి, అద్దె, కస్టమర్లు అంతా ఒక్క ఫైల్లోనే, అటక మీద సామానులా. ఒకటి వెతకబోతే ఇంకోటి నెత్తిన పడుతుంది.

"ముట్టుకోకు, నడుస్తోందిగా," అంటారు. నడిచేదానికీ కుంటేదానికీ తేడా తెలియని మనిషి!

వచ్చే ఆదివారం ఆట చూస్తానన్నారు మామయ్యగారు. ఆయనది నిజమైన బేకరీ. "నచ్చితే సరే. లేదంటే ఆ కంప్యూటర్ కట్టేసి వచ్చి నా పొయ్యి దగ్గర నిలబడాలి," అని కొడుక్కి ముందే చెప్పేశారు. అప్పట్నుంచి మా ఆయనకు ముద్ద దిగడం లేదు. నాకు జాలేసింది. నేనూ కోడ్ రాసేదాన్నే కదా, నడుం బిగించి సర్దడానికి కూర్చున్నాను. దేని ఫైలు దానికి విడదీశాను. బ్రౌజర్ వాటిని ఏ వరుసలో చదవాలో కూడా రాయాలి. మా ఇంట్లో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు. మామయ్యగారు పొద్దున లేస్తే అనే మాట, "ముందు కస్టమరు, తర్వాతే మనం." కస్టమర్ల ఫైలు అన్నిటికంటే పైన పెట్టాను.

అదయ్యేసరికి ఆదివారం వచ్చేసింది, ఆడి చూసుకునే తీరిక లేకపోయింది. మామయ్యగారు కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నారు. ఆట తెరుచుకుంది. ఖాళీ స్థలం. బేకరీ లేదు, పొయ్యి లేదు. కస్టమర్లు మాత్రం సంచులు పట్టుకుని బారుగా నిలబడ్డారు. ఇంకా వస్తూనే ఉన్నారు.

మా ఆయన నా పక్కకు జరిగారు. "కస్టమర్లను ముందు పెట్టావా?" అన్నారు నా చెవిలో.

"మీ నాన్నగారి మాటేగా!"

"కొట్టు తయారవకముందే వచ్చేశారే తల్లీ!"

నేను మామయ్యగారి వైపు తిరిగాను. "తప్పు నాది మామయ్యగారూ, వరుస మారిస్తే నిమిషంలో..."

"ఉండమ్మా," అన్నారాయన. "నేను కొట్టు తెరిచిన రోజు పొయ్యి వెలిగించి, బల్లలు తుడిచి, సాయంత్రం దాకా గుమ్మంలో నిలబడ్డాను. ఒక్కడంటే ఒక్కడు లోపలికి రాలేదు. ఇంటికెళ్లి మీ అత్తయ్యకు మాత్రం ఊరంతా వచ్చిందని చెప్పాను."

ముందుకు వంగి ఆ జనాన్ని ఇంకోసారి చూశారు. తర్వాత కొడుకు భుజం మీద చెయ్యి వేశారు.

"ఇంతమందిని రప్పించావు కదరా. నువ్విక్కడే ఉండు. తొందరగా కొట్టు కట్టు, పాపం వాళ్లకి కాళ్లు లాగుతుంటాయి."