అక్క తిరిగి రాని పేజీ

గాజు తలుపు అవతల సంపాదకురాలు పేజీలు తిప్పుతోంది. ఇవతల బెంచీ మీద మొగుడి పక్కన కూర్చున్న కథల పిల్ల గోళ్లు కొరుకుతోంది. పుట్టింటివాళ్లు పెట్టిన ఆ పేరు కాపురానికి కూడా వెంటబడి వచ్చింది.

నిరుడు ఇదే నవల ఇక్కణ్నుంచే తిరిగొచ్చింది. కుట్టుపని దుకాణం నడిపే అక్కాచెల్లెళ్ల కథ. అక్క చెప్పాపెట్టకుండా వెళ్లిపోతుంది, చివర్లో పరుగెత్తుకొచ్చి చెల్లిని వాటేసుకుంటుంది.

“మీ మనుషుల మీద మీకు జాలెక్కువమ్మా. ఏడవాల్సిన చోట మిఠాయి పెడుతున్నారు. మార్చి తెండి. ఇంకొక్కసారే చూస్తాను” అంది అప్పుడు సంపాదకురాలు.

కథల పిల్ల ఇంటికెళ్లి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది. తర్వాత నడుం బిగించింది. కొత్త కాపురంలో, కుక్కరు కూతల మధ్య, అక్కని వెనక్కి రానివ్వకుండా రాయడం నేర్చుకుంది. టైపు చేసింది మొగుడు, పేజీకో ముద్దు కూలి పుచ్చుకుని.

“రచయిత్రిగారూ, గోళ్లు తినకండి, భోజనం సయించదు” అన్నాడతను. కాస్త ఆగి, “ఒక సంగతి చెప్తా, కోప్పడకూడదు” అన్నాడు.

“ఏంటి?”

“చివరి పేజీలో అక్కని తీసుకొచ్చేశాను.”

“ఎక్కడికి?”

“దుకాణానికే. చెల్లి ఒక్కతే షట్టరు ఎత్తుతుంటే నా వల్ల కాలేదే. నీ పాత వాక్యాలే పెట్టాను!”

ఆమె చివాల్న అతని వైపు తిరిగింది. తిట్టబోయి ఆగింది. నిరుడు తను చేసిందీ ఇదేగా, ప్రేమకొద్దీ కథ గొంతు నులమడం. లోపల చదవాల్సిన దొంతర పల్చబడిపోతోంది.

“కలం ఇవ్వండి.”

“నువ్వు రాసింది ఇంట్లో ఉందే!”

“బుర్రలోనూ ఉంది. అటు తిరిగి వంగండి.”

ఒడి కన్నా అతని వీపే నయం. నవల తెచ్చిన కవరు దాని మీద పరిచి రాయసాగింది.

“చక్కిలిగిలి...”

“కదిలారో, చంపేస్తా.”

రాయడం కాగానే తలుపు తట్టకుండా లోపలికి దూసుకెళ్లింది. “చివరి పేజీ చదవకండి మేడమ్!”

“చదివేశానమ్మా. మిమ్మల్ని ఎలా పంపాలా అని చూస్తున్నా.”

మొగుడు చేశాడన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. “అది నా ముగింపు కాదండీ. ఇదీ” అని కవరు మీద రాసింది చూపించింది.

చెల్లి షట్టరు ఎత్తింది. అక్క సగం కుట్టి వదిలేసిన చొక్కా తీసింది. అదే దారంతో మిగతా సగం మొదలుపెట్టింది.

సంపాదకురాలు ఆ నాలుగు ముక్కలూ రెండుసార్లు చదివింది. 

“ఇది నిలబడింది. దీని పక్కన మధ్య భాగమంతా తేలిపోతోంది. తిరగరాస్తే వేస్తాను. రాస్తారా?”

“మళ్లీనా!” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మొగుడు.

“రాస్తాను మేడమ్” అంది ఆమె, అతని మాట పూర్తయ్యేలోపే.

మెట్లు దిగుతుంటే బిక్కమొహంతో అడిగాడు. “మరి టైపు?”

“మీరే. అక్క జోలికి వెళ్తే మాత్రం కూలి ఉండదు.”