ఉసేనమ్మ మొక్కు

యాత్రికులు తిని లేచిన విస్తళ్లు ఎత్తేసి, పేడనీళ్లతో ఆ చోటు అలుకుతూ ఉంటే వీధి గదిలోంచి అత్త చంద్రకాంతమ్మ కేక వేసింది. "అలివేలూ, ఇంకా మంది దిగినారు. ఎసరు పెట్టు." ఉసేనమ్మ చేతులు కడుక్కుని లేచింది. కొండకు బస్సులు పడిన ఏడు అది. తిరుపతికి వచ్చే జనం పెరిగారు. యాత్రికులకు గదులిచ్చి అన్నం పెట్టే ఆ ఇంటికి రాబడీ పెరిగింది. పెరగనివల్లా ఉసేనమ్మ చేతులే.

అలివేలు ఆమె పేరు కాదు. కాపురానికి వచ్చిన రోజే అత్త పెట్టిన పేరు. "కొండకు పొయ్యేటోళ్లు మనింట్లో తింటారు. ఉసేనమ్మ వండిందంటే ముద్ద ఎత్తుతారా? తురకల పేరు ఈడ వద్దు" అన్నది. మొగుడు కుప్పుస్వామి "అమ్మ ఇష్టం" అని చేతులు దులుపుకున్నాడు. పోనీ అతనైనా ఆ కొత్త పేరుతో పిలిచాడా అంటే అదీ లేదు, "ఏమే" అంటే సరిపోయేది. అలివేలు మంగమ్మ మీద ఉసేనమ్మకు కోపమేమీ లేదు. మహాతల్లి, ఆమె పేరు ఆమెది. దాన్ని తెచ్చి తనకు తగిలించడం ఎందుకన్నదే బాధ.

పుంగనూరు పక్కన ఆమె పుట్టిన ఊళ్లో ఉసేను పేరు లేని ఇల్లు లేదు. సాయిబుల ఇళ్లలోనే కాదు, సేద్యగాళ్ల ఇళ్లలో, మంగలి ఇంట్లో, కోమటి ఇంట్లో కూడా ఒక ఉసేనప్పో ఉసేనమ్మో ఉండేవారు. బావి దగ్గర ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిస్తే ముసలమ్మలూ పిల్లలూ కలిసి వెనక్కి తిరిగేవారు. పుట్టిన బిడ్డలు దక్కకపోతే పీరుకు మొక్కుకుని ఆ పేరు పెట్టడం అక్కడ మామూలు. ఆమెకు ముందు పుట్టినవాళ్లు దక్కలేదు, ఆమె దక్కింది. చిన్నప్పుడు ఒకసారి అర్థమేమిటని నాయనను అడిగింది. "అరబ్బుల మాటంట పాపా. హసను అంటే సక్కనోడు. అది అన్న పేరు. తమ్ముడు పుడితే ఆ మాటనే ముద్దుగా చిన్నది చేసి ఉసేను అని పెట్టినాడంట వాళ్ల తాత పేగంబరు. ఆ ఉసేనును పెద్దయినాక నీళ్లు కూడా ఇయ్యకుండా సంపినారు. అందుకే పీర్ల పండగ నాడు దోవన పొయ్యేటోళ్లకు మనం పానకం పోసేది" అన్నాడు నాయన. తన పేరు వెనక ఇంత కథ ఉందని ఆమె ఆ రోజంతా గర్వంగా తిరిగింది.

తిరుపతిలో ఆమె కన్న ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. మొదటి బిడ్డ పోయినప్పుడు పురుడు గడవకముందే పొయ్యి ముందు కూర్చోబెట్టారు. పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతుంటే ఏడుస్తూ వడ్డించింది. రవిక తడవడం చూసి అత్త "కొంగు కప్పుకో, నలుగురూ సూస్తాండారు" అన్నది. రెండోసారి ఆ మాట కూడా ఎవరూ అనలేదు. ఆమే కప్పుకుంది.

మూడోసారి అయిదో నెల పడ్డాక అత్తే దిగివచ్చింది. "ఈతూరి మీ ఊరి పీరుకు మొక్కుకుందాం. దక్కితే ఆ పేరే పెడదాం." ఉసేనమ్మకు ఒళ్లంతా పులకరించింది. అత్త ఇంకా ముగించలేదు. "పెట్టేది ఆ పేరు, పిలిచేది గోవిందు అని. ఆడపిల్ల అయితే గోవిందమ్మ. ఎవురికి తెలస్తాది?" కుప్పుస్వామి తలూపాడు.

పీర్ల పండగకు ముగ్గురూ మొక్కు బెల్లం తీసుకుని ఆ ఊరు వెళ్లారు. చావడిలో ఊదు పొగ కమ్ముకుని ఉంది. పట్టుగుడ్డలు కట్టిన పీర్లను గోడకు నిలబెట్టారు. పీర్లను చూసుకునే ముసలి ముజావరు ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. ఆమె బెల్లం ఆయన ముందు పెట్టింది. "వస్తివా ఉసేనమ్మా! కూర్చో తల్లీ. బిడ్డ దక్కితే నీ పేరుతో పిలుస్తామని స్వామికి సెప్పు, బెల్లం సదివిస్తా" అన్నాడు.

"అను, అను. అంటే ఏం పోయింది?" అని వెనక నుంచి అత్త గొణిగింది.

కడుపులో బిడ్డ కదిలింది. ఉసేనమ్మకు భయం వేసింది. తనను బతికించింది ఆ పేరేనని ఆమె గట్టి నమ్మకం. మొక్కకపోతే ఈ బిడ్డ ఏమవుతుందో. మొక్కి, ఇంటికి పోయి పేరు దాచేస్తే ఏమవుతుందో. మొదటిదానికంటే రెండోదే ఆమెకు ఎక్కువ భయంగా తోచింది.

"అత్తా, దొంగమొక్కు నేను మొక్కను," అన్నది. "ఈ పేరుతో బతికినదాన్ని నేను. దాన్ని మీరు తీసేస్తే ఊరకుండినా. బిడ్డ కాడ ఊరకుండను. ముందు నన్ను ఆ పేరుతో పిలువు."

చంద్రకాంతమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు పీర్ల వైపు చూశాడు.

"అంతేనా? దానికేముండాది," అన్నది అత్త. "ఉసేనమ్మా! సాలునా?"

ఉసేనమ్మ బెల్లం ముజావరు ముందు నుంచి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"ఈడ కాదత్తా. ఈడ అందురూ పిలుస్తారు. తిరపతిలో, మన వాకిట్లో, అన్నానికి కూర్చున్నోళ్లందురికీ ఇనబడేటట్టు పిలవల్ల. ఆ పొద్దు ఆన్నుంచే మొక్కుకుంటా. అంతదాకా మా నాయనింట్లో ఉంటా. పిలిచే దయిర్యం వచ్చినాక కబురు పంపు."