తువ్వాలు లేని బేరం

...అయినా ధర కోసం ఎవరూ గొంతెత్తని దేశం ఎలా ఉంటుంది? పొద్దుటినుంచీ సోమేశ్వరరావు మనసు అక్కడే తిరుగుతోంది. పలాసలో జీడిపప్పు కార్ఖానా అతనిది. రష్యాలో సరుకు కొనేది షావుకారు కాదట, సర్కారేనట. రెండు ప్రభుత్వాలూ ముందే కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి. ఏడాది పొడుగునా ఒకటే ధర, అదీ మన రూపాయల్లోనే.

అతని చేతికి తెలిసిన లోకం వేరు. అక్కడ బేరమంటే, పక్కవాళ్లకు కనబడకుండా తువ్వాలు కింద ఇద్దరి చేతులు కలుస్తాయి. పట్టుకున్న వేళ్ళే ధర. ఎదుటివాడి చిటికెనవేలు వణికితే వాడి ఇంట్లోని అవసరం తెలిసిపోయేది. ఇన్నేళ్లూ ఆ వణుకు మీదే బతికాడు. కిందటేడు అమెరికా ధర పడిపోయినప్పుడు మాత్రం వణికింది తన వేలే. వానాకాలమంతా కార్ఖానా మూతపడింది. పప్పు ఒలిచే ఆడవాళ్లు పూండి వైపు నాట్లకు పోయారు.

"ఈయేళ మాట సెప్పీయాల బావా. నాను మెయిలుకెల్లిపోవాల" అన్నాడు ఎదురుగా కూర్చున్న మన్మథరావు. అతనికి బావమరిది, రష్యాకు సరుకు పంపే విశాఖ ఎగుమతి కంపెనీ మనిషి.

సోమేశ్వరరావు చెయ్యి చాచాడు. చాచి, అలవాటుగా భుజం మీది తువ్వాలు దాని మీద కప్పాడు.

మన్మథరావు పగలబడి నవ్వాడు. "ఏటిది బావా? రస్యావోడి ఏళ్ళు దీనికింద ఎతుకుతావేటి?"

గుమ్మంలో పొట్టు తీస్తున్న ధనమ్మ అందుకుంది. "ఊరందరికీ తెలిసిన రేటుకి ముసుగెందుకు బాబూ? వానల్లో మాకు పనుంటాదా నేదా, అది సెప్పండి."

"అమెరికావోడి రేటు పెరిగితేనో?" అన్నాడు సోమేశ్వరరావు.

"పెరిగితే ఆ లాబం నీకు రాదు. పడిపోయినా రస్యావోలు ఇదే రేటిత్తారు" అన్నాడు మన్మథరావు.

లాభం పోతుందని కాదు అతని బెంగ. వణుకు పసిగట్టే ఈ చెయ్యి ఇక దేనికి? కాని ఎదుటివాడి అవసరాన్ని తడిమి చూడకుండా కొనే దేశం కూడా ఒకటుందంటే, దాన్ని ఊహించినవాళ్లది ఎంత పెద్ద మనసు! మంచు పడే రష్యా వీధిలో ఎవరో ఆడమనిషి ఉద్దానం ఇసుకలో కాసిన పప్పును పిల్లల కోసం పొట్లం కట్టించుకుంటూ కళ్ళముందు మెదిలింది. ఆమె వేలు తనకు ఎప్పటికీ అందదు. అందకపోవడమే మర్యాదగా తోచింది.

అతను తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. ధనమ్మ చూస్తుండగా, తెరిచిన చేతిని మన్మథరావు చేతిలో పెట్టాడు.