యూసుఫ్ సాబ్ నేర్పిన ఎత్తు

ముసలోనికి మొండితనం ఎక్కువైతే ఎవురి బతుకు కూలుతాదో తెలుసా? మనవరాలిది.

యూసుఫ్ సాబ్ ఆదోనిలో పరుపులు కుట్టే మనిషి. మనవరాలు నిఖత్‌కు చదరంగం నేర్పింది ఆయనే, పాతకాలపు ఆట. అందులో రాజు ఒక్కసారి గుర్రం మాదిరి ఎగరొచ్చు. పోటీల్లో అది చెల్లదు. అందుకే బడిలో ఆటల సారు గోవిందన్న బతిమాలినాడు. "సాబూ, పోటీ అయ్యేదాకా మీ ఆట ఆడించొద్దప్పా. పాప చేయి తడబడతాది."

"నిన్నమొన్న వచ్చినోడు నాకు సెప్పొచ్చినాడు!" ముసలాయనకు రోషం పొడుచుకొచ్చింది. రోజూ ఆడించినాడు. పోటీ పొద్దున ఎమ్మిగనూరు బస్సెక్కే ముందు కూడా, మంచి శకునమని ఒక ఆట ఆడించినాడు.

గెలిస్తే ఆటల హాస్టల్లో సీటు, చదువు. ఓడితే నాయిన హారూన్ వెంట గుంటూరు మిరపకోతకు. హారూన్ ఖరాఖండిగా చెప్పేసినాడు.

నాలుగాటలు గెలిచింది పిల్ల. ఆఖరాట ధ్రువ అనే పిల్లోనితో. ఇంకా ఏడెనిమిది ఎత్తులే పడినాయి, బలగం సగం కూడా బయటికి రాలేదు. ధ్రువ తన ఎత్తు వేసి టక్కున గడియారం నొక్కినాడు. నిఖత్ కంగారుగా రాజును పట్టుకొని, ఇంట్లో మాదిరే, గుర్రపు ఎగురు ఎగిరించింది.

అది తప్పెత్తని ధ్రువ చేయెత్తినాడు. రెఫరీ వచ్చి రాజును పాత గడిలోనే పెట్టినాడు. "ముట్టుకున్నావు కదమ్మా, రాజునే జరపాల. ఒక్క గడే."

జరిపింది. ఒకసారి జరిగిన రాజును ఇంక కోట కట్టి ఏనుగు చాటున దాచుకునే వీల్లేదు. నడిబజార్లో నిలబడిన రాజు మీదికి ధ్రువ మంత్రీ ఏనుగులూ దిగినాయి. వెనక కుర్చీలో యూసుఫ్ సాబ్ కుమిలిపోయినాడు. యా అల్లా, నా చేతులారా నేనే చేసుకుంటినే! కాసేపటికి ఆట కట్టు.

బయటికి రాగానే పనికాడ్నుంచి హారూన్ ఫోను. "ఓడిపోయినావా? సారు వద్దన్నాక తాత తన ఆట ఆపినాడా లేదా, నిజం చెప్పు."

నిఖత్ తాత ముఖం చూసింది. "ఎప్పుడో ఆపినాడు నాయినా. నాకే రాలేదు."

"రానిదానికి హాస్టలెందుకులే. సోమవారం లారీ పోతాది, బట్టలు సర్దుకో."

తప్పు నాదిరా అంటే కొడుకు ఇంకో ఏడాది ఆగుతాడేమో. యూసుఫ్ సాబ్ నోరు తెరిచినాడు. కన్నకొడుకుతో మాట పడాల్సొస్తాదని మళ్లా మూసుకున్నాడు.

"పొద్దుపోతాంది, రా తాతా," అని పిల్లే ఆయన చేయి పట్టుకొని బస్టాండుకు నడిపించింది.